మల్లెపాదులో దొంగనీళ్ళు

ఇవాళ ఆ చెయ్యి ఎవరిదో తేలిపోవాలి. వంటింటి కిటికీ రెక్క బెత్తెడు తెరిచి, దాని వెనక పీట వేసుకుని, ఒళ్ళో చీపురుకట్ట పెట్టుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఈ రైల్వే కాలనీ అంతా దుప్పట్లో దూరే వేళ ఇదే, దొంగ రావాలంటే ఈ వేళకే రావాలి, పొద్దున నేను పెరట్లోనే ఉంటాను, సాయంత్రం అరుగు మీద ఉంటాను, రాత్రి గేటుకి గొలుసు వేస్తాను, ఇక మిగిలింది నా కునుకు వేళ ఒక్కటే, అది కనిపెట్టిన మనిషి ఎవరో నన్ను బాగా ఎరిగిన మనిషే అయి ఉండాలి. నా మల్లెకి ఎవరో నీళ్ళు పోస్తున్నారు. వింటే నవ్వొస్తుంది. పూలు కోసుకుపోతే తిట్టొచ్చు, మొక్క పీక్కుపోతే వీధికెక్కొచ్చు, నీళ్ళు పోస్తే ఎవరితో చెప్పుకోను, పుణ్యం చేశారమ్మా అంటారు జనం. పుణ్యమట పుణ్యం. మల్లెకి ఆకు దూసేసి, కొసలు తుంచి, పాదు తవ్వి వేళ్ళకి ఎండ చూపించి, శివరాత్రి దాకా చుక్క నీరు తగలనివ్వకుండా దాని కడుపు మాడ్చాలి, ఆ తర్వాత పేడగత్తం వేసి తడిపితే ఆ ఆకలంతా మొగ్గలై పొడుచుకొస్తుంది. మధ్యలో ఎవరైనా దయ తలచి చెంబెడు పోశారో, అంతే సంగతులు, ఒళ్ళంతా ఆకులే, పువ్వన్నది ఉండదు. "మల్లిని ముద్దు సేస్తే ఆకే మిగుల్తాది" అనేది మా అమ్మ, మొక్కల గురించే అనేదో మమ్మల్ని పెంచడం గురించి అనేదో ఎప్పుడూ అడగలేదు. పాదు తవ్వాక మొన్న మొదటిసారి మట్టి ముట్టుకుంటే చల్లగా తగిలింది. నిన్న ముట్టుకుంటే చెమ్మ. ఇవాళ పొద్దున కింది కణుపుల దగ్గర చీమతలంత పచ్చదనం, ఆకు చివుళ్ళు, పూలవి కావు, ఆకువి.

చలి ఒకటి. ఫిబ్రవరి వచ్చినా వదలదు. శివరాత్రికి చలి శివ శివా అంటూ వెళ్ళిపోతుందని మన వాళ్ళు చెప్పుకుంటారు, ఈ బిలాస్‌పూర్ చలికి ఆ ముక్క ఎవరూ చెప్పినట్టు లేదు, శివరాత్రి వెళ్ళినా గుమ్మంలోనే కూర్చుంటుంది, అప్పు వసూలుకొచ్చిన వాడిలాగ. స్వెటర్ల మీద స్వెటర్లు, తల మీద మఫ్లరు, వేళ్ళ సందున పగుళ్ళు, వసంతం వసంతం అని క్యాలెండరు కాయితం చింపుకోవడమే కాని బయట చూస్తే జామచెట్టు ఆకుల మీద బొగ్గునుసి. బొగ్గు గూడ్సులు పోతూనే ఉంటాయి, ఇప్పుడూ పోతోంది ఒకటి, కిటికీ చువ్వలు సన్నగా వణుకుతున్నాయి, పోతే పోనీ, ఎప్పటికీ అయిపోదు ఆ బండి, కోర్బా గనుల బొగ్గంతా నా పెరటి మీదుగానే వెళ్ళాలి. తుడిచిన అరుగు మళ్ళీ నలుపు, ఆరేసిన తెల్లచీర మళ్ళీ నలుపు. ఇన్నేళ్ళలో ఈ ఊళ్ళో నాకు తెల్లగా మిగిలింది ఏమైనా ఉందంటే ఏప్రిల్లో సాయంత్రం పూట విచ్చే ఆ మల్లెలే, బొగ్గునుసి వాటి మీద కూడా పడుతుంది, కాని అవి రాత్రి పూసి పొద్దుటికి రాలిపోతాయి కనక నల్లబడే తీరిక ఉండదు. వాటి కోసం ఏడాదంతా చూస్తాను. కార్తీకంలో చలి మొదలైనప్పటి నుంచే చూస్తాను. మోదుగులు ఎర్రబడ్డాయా అని రైలు పట్టాల అవతలికి చూస్తాను, కోయిల కూసిందా అని చెవులు రిక్కిస్తాను, కూసేది కోయిల కాదు, లోకో షెడ్డు కూత. ఈ ఏడు మరీ చూస్తున్నాను, ఎందుకంటే ఈ పెరట్లో నాకు ఇదే ఆఖరి వసంతం. ఏప్రిల్ నెలాఖరుకి మా ఆయన రిటైరు. లోకో పైలట్ బంగార్రాజుగారు ఇంజను దిగుతారు, దండలు వేస్తారు, డోలు కొడతారు, ఆ తర్వాత ఈ క్వార్టరు ఖాళీ చేసి మేము తోర్వాలో మూడో అంతస్తు ఫ్లాటులోకి ఎక్కుతాం. మూడో అంతస్తు. మట్టి నుంచి మూడు అంతస్తుల పైన. గచ్చు మీద మనుషులుంటారు గాని మల్లె ఉంటుందా?

ఆ ఫ్లాటు ఆయన నాతో చెప్పి తీసుకున్నాడా, లేదు. దసరా ముందు ఒక రోజు డ్యూటీ దిగొచ్చి, కాళ్ళు కడుక్కుని, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, "అయిపోనాది, సంతకం పెట్టీసినాను, తోర్వాలో" అన్నాడు, కూరగాయలు తెచ్చానన్నట్టు. గతౌరా స్టేషను దగ్గర చిన్న జాగా చూశాం అంతకు ముందు, నేనే చూశాను, ఆయన పక్కన నిలబడ్డాడు, రెండు గదుల పెంకుటిల్లు, చుట్టూ మట్టి, ఒక మూల బావి, ఎక్కడ ఏది నాటాలో మనసులో నాటేసుకున్నాను కూడా, తూర్పున మల్లె, గోడ వారన కనకాంబరం, నీడ పట్టున మరువం, బావి దగ్గర అరటి. ఆయనకు అక్కడ దుమ్మట, రాత్రి పూట ఆటో దొరకదట, మోకాళ్ళ నొప్పికి డాక్టరు దూరమట. మోకాళ్ళ నొప్పిగల మనిషి మూడో అంతస్తు కొన్నాడు, లిఫ్టుందిలే అన్నాడు, పిచ్చి కుదిరింది రోకలి తలకు చుట్టమన్నట్టుంది. ఆ రోజు నుంచి నేను ఆయనతో మాట్లాడటం మానేశాను. ఆయనా మానేశాడు, మగమహారాజు కదా. అన్నం పెట్టాల్సి వస్తే గోడకి చెప్తాను: "అన్నం చల్లారిపోతంది." గోడ తరఫున ఆయన వచ్చి కూర్చుంటాడు. తిన్నాక ఆయనా గోడకే చెప్తాడు: "ఉప్పు తక్కువయ్యింది." ఆ గోడే లేకపోతే మా కాపురం ఎప్పుడో కూలిపోయేది. ఆయన వస్తువు ఏదీ ముట్టుకోనని కూడా ఒట్టు పెట్టుకున్నాను, బట్టలు ఉతకడం తప్ప, అవి కంపు కొడతాయి కనక. వాడు ఒకడు, మా సుపుత్రుడు పృథ్వీ, రాయ్‌పూర్‌లో బ్యాంకులో ఉంటాడు, ఫోన్లో నేను గోడు వెళ్ళబోసుకుంటే, "మమ్మీ, బాల్కనీ హై నా! దో చార్ గమ్లే రఖ్‌లో, మల్లె గిల్లె అంతా ఒచ్చేస్తది" అన్నాడు. గమ్లాలట, కుండీలు. తెలుగు అక్షరమ్ముక్క చదవలేడు, మల్లె గిల్లె అని మాత్రం అనగలడు. గిల్లె ఏమిట్రా, గిల్లితే వస్తుందా అది?

గొంతు ఎండిపోతోంది. లేచి నీళ్ళు తాగడానికి లేదు, తాగే సందులో వాడు వచ్చిపోతే? వాడో, అదో. నా లెక్క ప్రకారం పోసేది ఇద్దరిలో ఒకరు, తెలిసి పోస్తే అచ్చియమ్మ, తెలియక పోస్తే ఝాన్సీ. అచ్చియమ్మది పక్క క్వార్టరు, వాళ్ళదీ సిక్కోలే, మా పలాసకి దగ్గరే, మల్లె సంగతి ఆవిడకి నా అంత తెలుసు, నీళ్ళు పోస్తే పూలు చెడతాయని తెలిసిన మనిషి కాలనీ మొత్తంలో నేను కాక ఆవిడే. గోడకి అటు వాలిన కొమ్మలు తనవంటుంది. రాలిన పూలు కాదు, కొమ్మలే తనవంటుంది. నా మొక్క పూలు కోసి, మాలకట్టి, తల్లో పెట్టుకుని నా ఎదురుగానే ట్యాంకర్ దగ్గర బిందె పట్టుకుని నిలబడుతుంది, నేను చూడాలని తల ఇటూ అటూ తిప్పుతుంది. ఒకసారి కొమ్మ ఇటు లాగేసి తాడుతో కట్టేశాను. మర్నాటికి తాడు కోసి ఉంది. ఆవిడ మొగుడు చిన్నారావుగారు, గార్డు, పాపం ఏ పక్షమూ కాదు, నేను కనిపిస్తే పేపరు అడ్డం పెట్టుకుంటాడు. అదిగో, ఏదో అలికిడి. గోడ మీద చెయ్యి. చీపురు బిగించాను. చేతి వెనక తల, తల మీద కొంగు, అచ్చియమ్మే, చేతిలో చేట. ఎండుమిరపకాయలు గోడ మీద పోసి పరుస్తోంది. పరుస్తూ పరుస్తూ సరిగ్గా నా కిటికీ సందులోకి చూసింది, డేగ కళ్ళు.

"ఓలమ్మ ఉషా! ఆ సీకట్లో కూకుని ఏటి సేస్తన్నావే?"

"పిల్లి తిరుగుతోందొదినా, పాల కోసం. కాపలా కాస్తన్నాను."

"పిల్లి కోసం సీపురెందుకేటి? మీ ఆయన్ని కొట్టీడానికనుకున్నాను." నవ్వింది, పై పన్ను ఒకటి లేదు ఆవిడకి. "ఒసే, మల్లికి నీల్లు పొయ్యకే. శివరాత్రెల్లనీ. ఈ ఏడు దండిగా పూయాల, నువ్వెల్లిపోతావు గదా. మా పక్క కొమ్మ మాత్రం నరక్కు, ఒగ్గీ."

ఇంకొకరెవరైనా అయితే ఈ మాటకి కరిగిపోదురు, నేను కరగలేదు, కాని లెక్క మాత్రం తప్పింది. పూల మీద నాకన్నా ఆశ ఈవిడకే ఉంటే ఈవిడెందుకు పోస్తుంది నీళ్ళు? నా ఇన్నేళ్ళ శత్రువు ఈ ఒక్క నేరం చేయలేదని తెలిసి నాకు సంతోషం కలగలేదు, చిరాకు కలిగింది, దొరికిపోతే ఎంత బాగుండును. సరేనన్నాను. ఆవిడ చేట దులిపి దిగిపోయింది. మిరపకాయల ఘాటు ఇటు కొడుతోంది, తుమ్ము వస్తోంది, ముక్కు నులిమి ఆపుకున్నాను.

అయితే ఝాన్సీయే. పాత డ్రైవరు ఆదినారాయణగారి మనవరాలు, మూడో తరం రైల్వే పిల్ల, అసిస్టెంట్ లోకో పైలట్, ఆడపిల్ల ఇంజనెక్కితే నాకూ గర్వంగానే ఉండేది, ఈ క్వార్టరు తన పేర రాయించుకునేదాకా. మేమింకా ఖాళీ చెయ్యలేదు, మా గిన్నెలింకా పొయ్యి మీదున్నాయి, అప్పుడే టేపు పట్టుకుని వచ్చేసింది, కిటికీలు కొలిచింది, పరదాలకట. కొలిచి, పెరట్లోకి వచ్చి, ఆకు దూసిన నా మల్లె ముందు నిలబడి, జాలిగా మొహం పెట్టింది. "అరే ఆంటీ, ఏ తో సూఖ్ గయా. పాపం. నీళ్ళు పొయ్యట్లేదా? మీరు వెళ్ళిపోయాక నేను చూసుకుంటా దీన్ని, డోంట్ వర్రీ." నేను చూసుకుంటా! అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, నా మొక్కని నాకే అభయమిచ్చి వెళ్ళింది. ఎండిపోయిందట, పాపమట. ఎవరే పాపం? ఆ రాత్రే నిర్ణయం చేసుకున్నాను. క్వార్టర్లో నాటింది క్వార్టరుదే అని ఈ కాలనీలో ఒక పద్ధతుంది, పోయేవాళ్ళు చెట్టూ చేమా ముట్టుకోకుండా పోతారు, ఈ జామచెట్టు మాకు ముందున్న బెంగాలీ ఆవిడ నాటిందే, ఇన్నేళ్ళుగా కాయలు తిన్నది మేమే. నాకు తెలియకేం. అయినా సరే, ఈ ఏప్రిల్లో కడుపు నిండా పూలు కోసుకుంటాను, జడ నిండా పెట్టుకుంటాను, పెట్టుకుని, వెళ్ళే రోజు పొద్దున గంగాళం నిండా నీళ్ళు మరగబెట్టి, సలసల కాగేవి, వేళ్ళలో పోసి మరీ వెళ్తాను. చూసుకో తల్లీ అప్పుడు. పాపమని తెలుసు. పూసే మొక్కని చంపితే నరకంలో ఏదో ఉంటుందట, అక్కడా బొగ్గే కదా ఉండేది, నాకు అలవాటే.

కాని పూలు ముందు పూయాలి కదా. అది లేకపోతే మిగతా పగకి అర్థం లేదు. ఒక్కసారి, ఈ ఒక్కసారి, కొమ్మలు కనపడకుండా పూయాలి. ఎందుకో చెప్పలేను. ఎవరికి చూపించాలో కూడా తెలియదు. అదే పువ్వు పలాసలో మా అమ్మ నూతిపళ్ళెం దగ్గర పూసేది, దాని అంటుకొమ్మే ఇది. పెళ్ళయిన కొత్తలో ఇక్కడికొచ్చి మొదటి చలికే నేను నీలుక్కుపోతే, మళ్ళీ ఊరెళ్ళినప్పుడు అమ్మ అంది, ఒక అంటు పట్టుకెల్లే, అక్కడా వాసనుంటాది. నేల మీదికి వాలిన కొమ్మ ఒకటి ఎంచుకుంది, తాతగారి గడ్డం బ్లేడు తెచ్చి కణుపు కింద గాటు పెట్టింది, గాటు మూసుకుపోకుండా చీపురుపుల్ల ముక్క ఇరికించింది, మట్టిలోకి వంచి, పైన మట్టి కప్పి, ఇటుక పెట్టింది. "అల్లుడుగోరూ, మీ సేత్తో నీల్లు పొయ్యండి" అని కేకేసింది, ఈయన అరుగు మీద నుంచి పంచె ఎగ్గట్టుకుని వచ్చాడు, అప్పుడు సన్నగా పుల్లలా ఉండేవాడు, మీసం మాత్రం పెద్దది, చెంబుతో పోశాడు, సగం కాళ్ళ మీదే పోసుకున్నాడు. రెండు నెలలకి నేను మళ్ళీ వెళ్ళి, వేళ్ళూనిన కొమ్మని తల్లి నుంచి కోసి, తడిగుడ్డలో చుట్టి, పాలపొడి డబ్బాలో పెట్టి, రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను, ఎవరినీ పక్కన కూర్చోనివ్వలేదు. "మా ఆవిడ ఊరి మట్టి లేకండ బండెక్కదు" అని నన్ను తీసుకురావడానికొచ్చిన ఈయన రైలుపెట్టెలో అందరికీ చెప్పి నవ్వించాడు. నాకప్పుడు కోపం రాలేదు. అప్పటికింకా కోపం నేర్చుకోలేదేమో. అమ్మ పోయింది, నూతిపళ్ళెం దగ్గర ఇప్పుడు అన్నయ్య మేడ కట్టాడు, తల్లిమొక్క లేదు. ఇదే ఉంది. దీనికి నేను వేణ్ణీళ్ళు పోస్తానట. ఎవరన్నారు? నేనే అన్నాను. అంటాను. నా మొక్క.

పెరటి గోడ మూల ఆ ఇనపపెట్టె ఒకటి, చూస్తేనే ఒళ్ళు మండుతుంది. డ్రైవర్ల లైన్ బాక్సు, జెండాలు, టార్చి, పుస్తకాలు, లుంగీ అన్నీ కూరుకుని ఇంజనెక్కించేవారు పూర్వం, ఇప్పుడు అందరికీ చక్రాల సంచులొచ్చాయి, ఇది మూల పడింది. తెల్ల పెయింటుతో బి. రాజు అని పేరు. తుక్కు కింద అమ్మెయ్యకుండా తెచ్చి మల్లె వెనకాల పెట్టి, పైన గోనె కప్పాడు, దసరా అయ్యాక ఎప్పుడో. ఇంట్లో జాగా లేనట్టు, నా మల్లె వెనకే కావాలి దానికి. ఎన్నిసార్లు కాలితో తన్నెయ్యాలనిపించిందో, ఒట్టు అడ్డొచ్చింది, ఆయన వస్తువు ముట్టుకోను. ఆయన మాత్రం హాయిగా ఉన్నాడు. పొద్దున డ్యూటీ దిగొచ్చాడు, తిన్నాడు, గోడతో "బజారుకెల్తన్నాను" అని సంచి పుచ్చుకుని పోయాడు, మాట్లాడని పెళ్ళాం ఉంటే ఇంకేం, ఎక్కడికి ఎందుకు అని అడిగేవాళ్ళు లేరు.

పెరటి వెనక గల్లీ తలుపు గడియ చప్పుడు.

అది మెల్లిగా తీస్తున్న చప్పుడు, గడియ కిర్రుమనకుండా పైకెత్తి తీస్తున్నారు, అలా ఎత్తితే కిర్రుమనదని తెలిసినవాళ్ళు. తలుపు తెరుచుకుంది. ముందు సంచి వచ్చింది, సంచిలోంచి ముల్లంగి ఆకులు. ఆ వెనక మా ఆయన. చెప్పులు గుమ్మం బయటే విడిచి, పిల్లిలా, నా కిటికీ వైపు ఒకసారి చూసి, కుళాయి దగ్గర బోర్లించిన ఇత్తడి చెంబు తీసి, ధార చప్పుడు కాకుండా వేలు అడ్డం పెట్టి నింపాడు. మల్లె వెనక్కి వెళ్ళి, మోకాళ్ళు పట్టుకుని, అబ్బా అని నోట్లోనే అనుకుని, గొంతుక్కూర్చున్నాడు. గోనె తీశాడు. పెట్టె మూత లేదు, నిండా మట్టి, అడుగున మేకుతో కొట్టిన చిల్లులు. మల్లె కింది కొమ్మ ఒకటి వెనక నుంచి దానిలోకి వంగి ఉంది, దాని మీద ఇటుక. చెంబెడు నీళ్ళు పోశాడు. చిల్లుల్లోంచి కారిన నీళ్ళు నా పాదులోకి పోతున్నాయి. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను పట్టాను, పట్టి ఏం చెయ్యాలో తెలియక చీపురుతో సహా పెరట్లోకి వచ్చి నిలబడ్డాను.

"ఏటండీ అది?"

దసరా ముందు నుంచి ఆయన మొహం చూసి అన్న మొదటి మాట. ఉలిక్కిపడి చెంబు వదిలేశాడు. లేవడానికి చూశాడు, మోకాలు లేవనివ్వలేదు, అలాగే కూర్చుని పైకి చూశాడు.

"అంటు" అన్నాడు. "తొక్కినాను."

"ఎవరికి?"

"ఎవరికేటి? నీకే. ఫ్లాటుకి. పెట్టె బాల్కనీలో పట్టెస్తాది, కొలిసినాను."

"నాతో ఒక మాట చెప్తే ఏం పోనాది?"

"నువ్వు గోడతో మాటాడతన్నావు గదా. గోడకి సెప్పినాను, అది నీకు సెప్పనేదేమో." ఇంత జరిగినా వెటకారం చావలేదు. మళ్ళీ తగ్గి, "అడిగితే ఇచ్చీదానివా?" అన్నాడు.

ఇచ్చేదాన్ని కాదు. మీ ఫ్లాటుకి నా మొక్క పుల్ల కూడా రాదు అనేదాన్ని, ఆయనకది తెలుసు. ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి, అలా వచ్చినప్పుడు నాకు కోపమే ముందు బయటపడుతుంది, చీపురు విసిరికొట్టి, వంగి, ఇటుక తీసి అవతల పెట్టి, ఆ కొమ్మ పట్టుకుని ఒక్క లాగు లాగాను. "అయ్యో" అన్నాడు. మట్టిలోంచి పైకి వచ్చేసింది. మట్టి దులిపి చూస్తే వేరు లేదు. ఒక్క పోగు కూడా లేదు, ఎలా పాతాడో అలాగే నున్నగా ఉంది. దసరా నుంచి పోసిన నీళ్ళు, మోకాళ్ళ మీద కూర్చుని, దొంగలా, చెంబు చెంబు.

"గాటు పెట్టారా?"

"గాటేటి?"

"కణుపు కింద. బ్లేడుతో. గాటు పెట్టకండ వేరెలాగొస్తాదండీ, గాలికొస్తాదా?"

ఆయన నా చేతిలోని కొమ్మకేసి చూశాడు. మీసాలు పూర్తిగా నెరిసిపోయాయి, మాట్లాడకపోతే చూడడమూ మానేస్తాం కాబోలు, ఎప్పుడు నెరిశాయో గమనించలేదు. "మీ అమ్మ ఇటుక పెట్టడం సూసినాను" అన్నాడు. "నీల్లు నేనే పోసినాను. గాటు సూడ్నేదు."

అవును, అమ్మ కేకేసేటప్పటికే గాటు పెట్టేసింది, చీపురుపుల్ల ఇరికించేసింది, మట్టి కప్పేసింది. ఈయనకి పిలుపు వచ్చింది ఇటుక దగ్గర. అప్పుడు చూసింది ఇన్నేళ్ళు గుర్తుపెట్టుకున్నాడు, చూడనిది తెలియదు. తెలియనివాణ్ణి తిట్టడానికి తిట్లు చాలా ఉన్నాయి నా దగ్గర.

"బ్లేడు తెండి" అన్నాను. గబగబా లేచాడు, మోకాలు మాట వినకపోయినా లేచాడు, తన గడ్డం డబ్బా మొత్తం పట్టుకొచ్చాడు. పచ్చిగా ఉన్న కణుపు చూసుకుని, కింది వైపు నుంచి పైకి, సగం లోతుకి గాటు పెట్టాను. చీపురులోంచి ఒక పుల్ల విరిచి గాటులో ఇరికించాను. ఆయన మొహం నా భుజం మీదికి తెచ్చి చూస్తున్నాడు, ఊపిరి తగులుతోంది, సిగ్నల్ చూసినట్టు రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు. కొమ్మని మళ్ళీ పెట్టెలోకి వంచి మట్టి కప్పాను. ఇటుక ఆయనే పెట్టాడు.

"ఆ బాల్కనీ ఎటు?"

"ఎటంటే?"

"తూర్పుకా, పడమరకా? ఎండ పడ్తాదా?"

గడ్డం గోక్కున్నాడు. "సూడ్నేదు."

ఇల్లు కొన్నాడు, ఎండ ఎటు నుంచి వస్తుందో చూడలేదు. పెట్టె పడుతుందో లేదో మాత్రం కొలిచాడు. భగవంతుడా. "సాయంత్రం స్కూటరు తియ్యండి" అన్నాను. "వెల్లి చూద్దాం. ఎండ పడకపోతే అందులో మీరూ మీ లిఫ్టూ ఉండండి." ఆయన తలూపాడు, ఎక్కువ ఊపితే చెడిపోతుందేమోనన్నట్టు కొంచెమే ఊపాడు. గోడ మీద మిరపకాయల అవతల అచ్చియమ్మ కొంగు కదిలినట్టయింది, వింటోంది, విననీ.

దొర్లిపోయిన చెంబు మళ్ళీ నింపి తెచ్చి, పెట్టె పక్కన నిలబడ్డాడు. "పొయ్యనా?" అని అడిగాడు.

పోస్తే ఈ గాటు ఆరకుండా ఉంటుంది, వేరు దిగుతుంది. పోస్తే చిల్లుల్లోంచి కారి పాదు తడుస్తుంది, రేపూ తడుస్తుంది, ఎల్లుండీ, వేరొచ్చేదాకా రోజూ. ఆ చీమతల చివుళ్ళు ఆకులవుతాయి. ఈ ఏప్రిల్లో ఈ పెరట్లో ఒక్క పువ్వు ఉండదు, నాకూ ఉండదు, అచ్చియమ్మకీ ఉండదు. ఏడాదంతా చూసిన చూపంతా ఆ చెంబులో ఉంది. ఆయనకా సంగతి తెలియదు. చెంబు వంచబోయి ఆగి, "ఈ ఏడు బాగా పూస్తాదేటి?" అన్నాడు, నన్ను మంచి చేసుకోవడానికి అడిగాడో, నిజంగానే అడిగాడో. మాట నాలుక చివరిదాకా వచ్చింది, మీ చేతుల్తోనే పోగొట్టారు కదా అనే మాట, ఈ నెలలన్నిటికీ వడ్డీతో సహా సరిపోయే మాట.

"ముందు పొయ్యండి" అన్నాను. "మెల్లిగా. మట్టి కొట్టుకుపోతుంది."

పోశాడు. ఏప్రిల్లో పూలేవని అడిగితే ఈ ఊరి చలిని తిడతాను.